నెత్తురును జీర్ణించుకొను ప్రేగు

జంతుశాస్త్రమున జీర్ణనాళమును గూర్చి చదువునపుడు మన విద్యార్థులు దానిని మేత ప్రవేశించి ఎరువై వెడలు ఒక గొట్టముగనే భావింతురు. పటము గీచి నోరు, అన్నవాహిక, ఉదరము, చిన్నప్రేగు, పెద్దప్రేగు అని వరుసగా పేర్లు వ్రాసినచో మార్కులు లభించును. విషయము అంతటితో ముగియును. అయితే ప్రేగునకు మరియొక పని గలదు. బయటినుండి వచ్చిన మేతనే గాక శరీరములోని నెత్తుటి మాంసకృత్తులను గూడ అది కొంత మేరకు విచ్ఛిన్నము చేయుచుండును. ఈ సంగతి తెలియుట మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల విద్యార్థులకు పరీక్షకంటెను ఎక్కువ అవసరమని నా అభిప్రాయము. ఏలయన మన చుట్టును ఉన్నవి గొర్రెల మందలు.

నెత్తుటి ద్రవములోని మాంసకృత్తులలో ప్రధానమైనది ఆల్బుమిన్. దీనిని కాలేయము తయారుచేయును. రక్తనాళములలోని నీటిని బయటకు పోనీయక పట్టియుంచుట దీని ముఖ్యకార్యము. ఉన్న ఆల్బుమిన్‌లో సగము నశించుటకు మానవునిలో సుమారు 19 దినములు, ఆవులో సుమారు 16 దినములు, ఎలుకలో రెండు మూడు దినములు మాత్రమే పట్టును. మరి అది నశించు తావు ఏది? 1950, 1960 దశకములలో ఈ ప్రశ్నపై శాస్త్రజ్ఞుల మధ్య గట్టి వాదమే నడచినది. అధికభాగము ప్రేగులోనికి స్రవించి అచటనే జీర్ణమగునని కొందరు పట్టుబట్టిరి. 1959లో గోర్డన్, 1961లో వాల్డ్‌మన్ అను అమెరికా వైద్యులు, గుర్తుపట్టదగిన పదార్థమును నెత్తుటిలోనికి ఎక్కించి మలములో దానిని కొలుచు పద్ధతులను ప్రకటించిరి. పిమ్మట లెక్క తేలినది. ఆరోగ్యవంతులలో ప్రేగు వాటా సుమారు పదియవ వంతు మాత్రమే. కండరములు, చర్మము, కాలేయము, మూత్రపిండములు తక్కిన పని చేయును. వ్యాధి వచ్చినపుడు మాత్రము ప్రేగు వాటా అనేక రెట్లు పెరుగును.

ప్రేగు గోడగుండా కారిన ఆల్బుమిన్‌ను అచటి ఎంజైములు, తిన్న గింజలోని మాంసకృత్తును వలెనే ముక్కలు చేయును. ఆ ఆమినో ఆమ్లములు మరల నెత్తుటిలో చేరి కాలేయమునకు పోవును. అచట మరల ఆల్బుమిన్ కట్టబడును. పాత నగ కరిగించి క్రొత్తది చేయించుట వంటిదే ఇది. బంగారము మనదే, కాని తరుగు, మజూరీ తప్పవు. కరగించుట మితిమీరినచో ఇల్లు గుల్ల యగును.

గొర్రెలో జరుగునది సరిగా ఇదే. మన సీమలో వాన పడి, చెరువు లోపల లేత కసువు మొలచిన దినములలో జీవాల కడుపున నట్టలు చేరును. వానిలో మిక్కిలి క్రూరమైనది హీమాంకస్. రెండు మూడు సెంటీమీటర్ల పొడవున్న ఈ పురుగు గొర్రె నాలుగవ కడుపు గోడను పట్టుకొని నెత్తురు త్రాగును. ఒక్కొక్కటి దినమునకు సుమారు 0.05 మిల్లీలీటరు అని అంచనా. ఇంతేనా యనిపించును. కాని 5,000 పురుగులున్నచో దినమునకు పావు లీటరు! ముప్పది కిలోల గొర్రె ఒంటిలో ఉన్న నెత్తురంతయు రెండు లీటర్లే గదా. కారిన నెత్తుటిలో కొంత దిగువ ప్రేగులో జీర్ణమై తిరిగి దక్కును. అయినను కాలేయము ఆ వేగమును అందుకొనజాలదు. ఆల్బుమిన్ తగ్గి, నాళములలోని నీరు వెలుపలికి దిగును. దినమంతయు తల వంచి మేయు జీవము గనుక ఆ నీరు దవడ క్రింద సంచివలె వ్రేలాడును. సాయంకాలమునకు వాపు హెచ్చి, రాత్రి విశ్రమించిన పిమ్మట తగ్గును. కాపరి ఈ వాపును చక్కగా గుర్తించును. పుస్తకము చదివిన మన విద్యార్థికి మాత్రము దానికిని, తాను వల్లించిన ఆల్బుమిన్‌కును గల సంబంధము తోచదు.

ఇచట ఒక విచిత్రము గలదు. గొర్రె కడుపులో నున్న ఆ పురుగునకును ఒక ప్రేగు ఉన్నది; దాని మేత యంతయు నెత్తుటి మాంసకృత్తులే. ఆడ పురుగు ఒంటిపై కనబడు ఎఱుపు తెలుపు మెలికలలో, ఎఱుపు నెత్తురు నిండిన ప్రేగు, దానిని చుట్టుకొన్న తెలుపు అండాశయములు. హీమోగ్లోబిన్‌ను చీల్చు ఎంజైములు ఆ ప్రేగు లోపలి గోడపై అమరియుండును. ఆ గోడ మాంసకృత్తులతోనే గొర్రెకు టీకా తయారుచేసి 2014లో ఆస్ట్రేలియాలో విడుదల గావించిరి. టీకా పొందిన గొర్రె నెత్తుటిలో ప్రతిరక్షకములు పుట్టును. పురుగు ఆ నెత్తురుతోబాటు వానిని గూడ త్రాగును. అవి దాని ప్రేగు గోడకు అంటుకొని జీర్ణక్రియను అడ్డగించును. శత్రువు త్రాగు గిన్నెలోనే ఔషధము! అయితే సహజముగ సోకు నట్టలు ఈ రక్షణను బలపరచవు గనుక కొన్ని వారములకొకమారు మరల సూది వేయవలసియుండును.

మన పల్లెలలో ప్రస్తుత సాధనము నట్టల మందే. మందనంతటిని వరుసగ నిలిపి ఒకే మందు త్రాగించు అలవాటును నేను సమర్థింపజాలను. మందునకు లొంగని పురుగులు మిగిలి, వాని సంతతియే పెరుగును. లోకమందు అనేక దేశములలో ఇట్లు జరిగినది. దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990 దశకమున, కనురెప్ప లోపలి రంగును ఒక పటముతో పోల్చి, పాలిపోయిన జీవమునకు మాత్రమే మందిచ్చు పద్ధతిని ఏర్పరచిరి. రెప్ప త్రిప్పి చూచుటకు పట్టా అక్కరలేదు. దవడ వాచువరకు వేచియుండనక్కరయు లేదు. మేత పెంచినచో జీవము తేరుకొనునను వారును గలరు. వారి మాటలో కొంత సత్యమున్నది, మాంసకృత్తు గల మేత కాలేయమునకు బలమే. కాని చిల్లుకుండలో నీరు పోయుట ఎంతకాలము?

కళాశాల సంఘము వారికి నా విన్నపము ఒక్కటే. 2014లో యు.జి.సి. జంతువులను కోయుటను మాన్పించిన పిమ్మట ప్రయోగశాలలో పటములే మిగిలినవి. పేడ పరీక్షకు ఏ ప్రాణిని చంపనక్కరలేదు. చిక్కని ఉప్పునీటిలో పేడ కలిపి వడగట్టినచో నట్టల గ్రుడ్లు పైకి తేలును. వానిని గాజుపలకపై సూక్ష్మదర్శిని క్రింద లెక్కింపవచ్చును. మన విద్యార్థులలో కాపరుల పిల్లలున్నారు. మాంసవిక్రయ వృత్తి కుటుంబములవారును ఉన్నారు. బోటి శుభ్రపరచు ఇంటి బిడ్డకు నాలుగవ కడుపు ఎట్లుండునో ఏ అధ్యాపకుడును చెప్పనక్కరలేదు. ఉర్దూలోను తెలుగులోను ఈ పరీక్షా విధానమును ఒక్కొక్క పుటలో వ్రాసి గోడకు అంటించినచో చాలును. ఉన్న సూక్ష్మదర్శినులలో రెండింటిని బాగుచేయించి, తొలి వానలు పడిన నెల దినములకు పని ఆరంభింపవలెను.