గుండెకు ఆపరేషన్, కాలికి కుట్లు ఎందుకు?



క్రిందటి నెలలో మా సంఘ పెద్ద ఒకాయనను పరామర్శించడానికి వెళ్ళాను. గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకొని ఇంటికి వచ్చారు. పంచె పైకి జరిపి, చీలమండ నుండి మోకాలి దాకా ఉన్న కుట్ల గుర్తులు చూపించి, "జబ్బు గుండెకైతే కాలెందుకు కోశారండీ, అయ్యగారూ?" అని అడిగారు. అంతలో ఆయన భార్య, "ఆపరేషన్ అయిపోయిందిగా అని మందులు మానేశారండీ. మళ్ళీ చుట్ట కూడా ముట్టించారు" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆ రెండు మాటలకూ జవాబు ఒక్కచోటే ఉంది. అది మన రక్తనాళాల గోడలో ఉంది.

కాలువ పూడిపోతే పక్కనుండి మరో కాలువ తీసి పొలానికి నీళ్ళు పెడతాము గదా! బైపాస్ కూడా అలాంటిదే. కాలి సిరను తీసి గుండె నాళానికి అతికించే పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనె ఫావలోరో అనే అర్జెంటీనా వైద్యుడు వాడుకలోకి తెచ్చారు. కాలిలో వేరే సిరలు కూడా ఉంటాయి గనుక ఒకటి తీసినా రక్తం తిరిగి వెళ్ళడానికి దారి ఉంటుంది.

అయితే రక్తనాళం వట్టి గొట్టం కాదు. దాని గోడలో నునుపు కండర కణాలున్నాయి. మన ప్రమేయం లేకుండానే అవి బిగుసుకుంటాయి, సడలుతాయి. అవన్నీ ఒకే రకం కావు. పెద్ద ధమనిలో అవి సాగే పొరల మధ్య ఉండి గుండె కొట్టే దెబ్బను తట్టుకుంటాయి. సన్నని ధమనులలో నాళాన్ని ఇరుకు చేస్తూ, వెడల్పు చేస్తూ రక్తపోటును అదుపు చేస్తాయి. సిరలలో ఆ పొర పలుచగా ఉంటుంది. వాటి పుట్టుక కూడా ఒక్కచోట కాదు. గుండె దగ్గరి పెద్ద ధమని వంపులో చాలా కణాలు, నరాలకు మూలమైన పిండ కణజాలం నుండి వస్తాయి. అదే ధమని కిందికి దిగేచోట వెన్నెముకకు మూలమైన కణజాలం నుండి వస్తాయి.

ఇంకొక విశేషముంది. ఈ కణాలు పని మార్చుకోగలవు. గోడకు గాయమైతే బిగుసుకునే పని తగ్గించి, సంఖ్యలో పెరిగి, పీచు పదార్థం తయారుచేసి గోడను బాగుచేస్తాయి. ధమనిలో పేరుకున్న కొవ్వు చిట్లకుండా దానిపై గట్టి కప్పు వేసేవి కూడా ఇవే. కాని ఈ మార్పు మితిమీరితే అదే కీడవుతుంది. కొన్ని కణాలు తామే కొవ్వు మింగి ఆ గడ్డలో భాగమైపోతాయి.

తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన కాలి సిర గుండె దగ్గరికి వచ్చేసరికి ధమని ఒత్తిడి మోయాలి. అప్పుడు దాని కండర కణాలు పెరిగి గోడ మందమవుతుంది, దారి ఇరుకవుతుంది. 10 ఏళ్ళు గడిచేసరికి ఇలా అతికించిన సిరలలో దాదాపు సగం మూసుకుపోతాయి. రొమ్ము ఎముక వెనుకనుండే ధమనిని అతికిస్తే అది ఎక్కువకాలం నిలుస్తుంది. పుట్టినప్పటి నుండి అది ఆ ఒత్తిడికి అలవాటుపడినదే గదా!

కాబట్టి ఆపరేషన్‌తో పని ముగియలేదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తపోటు మాత్రలు ఆ కొత్త దారిని కాపాడటానికే. పొగాకు దానిని త్వరగా పూడ్చేస్తుంది. డాక్టరుగారిని అడగకుండా ఒక్క మాత్ర కూడా మానకూడదు.

ఇదంతా విని ఆ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత చుట్టల కట్ట తీసి భార్య చేతికిచ్చి, "ఆ మందుల చీటీ ఎక్కడ పెట్టావే?" అన్నారు. మీ ఇంట్లో కూడా అలాంటి చీటీ ఉంటే ఈ రోజే బయటికి తీయండి.