పలకకన్నా ముందు ప్రాస

బిడ్డకు మూడో యేడు నిండిందో లేదో, మన యిళ్ళల్లో ఒక ప్రశ్న బయలుదేరుతుంది: పలక ఎప్పుడు పట్టించాలి? ఎదురింటి పాప అప్పుడే ఏబీసీడీలు అప్పజెబుతోందనీ, మనవాడింకా 'అ' దిద్దలేదనీ తల్లికి బెంగ. ఆ బెంగకు పలకా బలపం అక్కరలేని మందు ఒకటి వుంది. అక్షరాన్ని కంటికి చూపించకముందే చెవికి వినిపించడం. అంటే మాటకు మాట జతచేసి ప్రాసలాడించడం.

'ప్రాస అంటే పండితుల గొడవ కదా, పసివాడికెందుకమ్మా?' అంటారేమో. మనం రోజూ వంటింట్లో ప్రాసలతోనే మాట్లాడుతున్నాం. 'పాలూ గీలూ వున్నాయా?' 'డబ్బూ గిబ్బూ యేమైనా యిచ్చాడా?' 'మిరపకాయలూ గిరపకాయలూ ఎండాయా?' గమనించండి. మాటలో మొదటి అక్షరం ఒక్కటే మారింది. అది దీర్ఘమైతే 'గీ', పొట్టిదైతే 'గి'. తక్కిన మాట చెక్కుచెదరలేదు. ఛందస్సులో ప్రాస నియమమూ ఇంచుమించు యిదే. ప్రతి పాదంలోనూ రెండో అక్షరపు హల్లు ఒకటే కావాలి. దాని ముందున్న అక్షరం ఒకచోట గురువైతే అన్నిచోట్లా గురువే, లఘువైతే అన్నిచోట్లా లఘువే. బడి మొహం చూడని అవ్వ కూడా 'పాలూ గిలూ' అనదు!

ఇంగ్లీషు రైములకూ మన ప్రాసకూ వున్న తేడా యిక్కడే. వాళ్ళకు మాట చివర కలవాలి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కనుక చివర కలవడం అంత గొప్ప కాదు. చేను, కాలు, మేకు అన్నీ 'ఉ'కారమే. అందుకని మన పెద్దలు చెవిని రెండో అక్షరం మీద నిలిపారు. సుమతీ శతకం కందపద్యాలలో వుంది. కందానికి ప్రాస తప్పనిసరి. వేమన్న ఆటవెలదికి ఆ నియమం లేదు. పిల్లవాడి చెవికి ప్రాస పట్టుబడాలంటే సుమతిని ముందు వినిపించండి.

దీనికీ చదువుకూ సంబంధమేమిటంటారా? 1983లో ఆక్స్‌ఫర్డులో బ్రాడ్లీ, బ్రయంట్ అనే యిద్దరు పరిశోధకులు ఒక సంగతి ప్రకటించారు. నాలుగైదేళ్ళ పిల్లలు 403 మందికి మూడు నాలుగేసి మాటలు వినిపించి, వాటిలో జత కలవనిది యేదో చెప్పమన్నారు. అది బాగా చెప్పినవాళ్ళే కొన్నేళ్ళ తరువాత చదవడంలోనూ ముందున్నారు. చెప్పలేకపోయిన వారిలోనుంచి 65 మందిని యెన్నుకొని, అందులో కొందరికి రెండేళ్ళపాటు ధ్వనులతో ఆటలు నేర్పారు. ఆ ఆటలతోపాటు అక్షరాల బిళ్ళలు కూడా చేతికిచ్చిన పిల్లలు అందరికన్నా బాగా చదివారు. కాబట్టి ప్రాస ఒక్కటే చాలదు, అక్షరమొక్కటీ చాలదు. ముందు చెవి, వెంటనే కన్ను.

మనకిది మరీ అవసరం. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి నేర్చే పిల్లలను గురించి సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, గుణింతాలూ వత్తులూ పూర్తిగా పట్టుబడడానికి ఒకటి రెండేళ్ళు చాలవు. మూడు నాలుగు తరగతులదాకా పడుతుంది. అంత దూరం నడవవలసిన బిడ్డకు ముందుగా చెవిని సిద్ధం చేసి పంపకపోతే, వాడు 'మొద్దు' అనే పేరు ఉత్తపుణ్యానికి మోయవలసి వస్తుంది.

సరే, యెలా మొదలుపెట్టాలి? రెండేళ్ళ పాపకు ఒళ్ళో ఆటలే చాలు. తారంగం, చెమ్మచెక్క, కాళ్ళాగజ్జె మీకూ వచ్చు, మీ అత్తగారికి యింకా బాగా వచ్చు.

మూడేళ్ళకు మాట మధ్యలో ఆపండి. 'చేలోన విరిసింది పత్తి, దీపాన వెలిగింది...' అని ఆగితే, వాడే 'వత్తి' అని అందుకుంటాడు. 'కల్లంలో ఎండింది కాయ, కారమోయ్, పెట్టకు...' అంటే 'చేయి' అంటాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బిడ్డ కళ్ళముందు వున్నవి యీ పత్తీ, యీ మిరపకాయలే కదా. చూసిన వస్తువు పేరయితే ప్రాస తొందరగా అంటుకుంటుంది.

నాలుగేళ్ళకు జత కానిదాన్ని పట్టించండి. 'ఎండ, కుండ, బండ, గంప': యేది మన జట్టులోది కాదు? 'తాలు, పాలు, నూలు, కారం': యేది బయటికి పోవాలి?

అయిదో యేట వాణ్ణే కట్టమనండి. మిరపకాయల టిక్కీలతో యార్డుకు పోయే లారీ కనిపించిందనుకోండి. 'టిక్కీ' అని మీరనండి. ముక్కు, చుక్క, కుక్క, మొక్క అని వాడు పేరుస్తాడు. అర్థం లేని 'టుక్క' ఒకటి చేర్చినా తప్పు పట్టకండి. ప్రాస కుదిరింది కదా! అలాగే 'పత్తి'కి 'ఎత్తు' అన్నాడని దిద్దబోకండి. చివరి అచ్చు వేరయినా, మన ప్రాసకు హల్లు కలిస్తే చాలు.

ఆ తరువాత పలక తీయండి. పత్తి, కత్తి, వత్తి ఒకదాని కింద ఒకటి వ్రాసి, 'త్తి'ని మాత్రం రంగు సుద్దతో దిద్దండి. చెవికి ఒకటిగా వినిపించినది కంటికీ ఒకటిగా కనిపించిన క్షణాన బిడ్డ మొహం చూడండి. చదువు మొదలయ్యేది అక్కడ.

'పని తెమలని యింట్లో తీరికెక్కడిది?' అనకండి. మిరపకాయల తొడిమలు తీసే చేతులతో పసివాణ్ణి దగ్గరకు తీసుకోలేం. నోరు ఖాళీయే కదా! రోజుకు అయిదు నిమిషాలు చాలు. విసుగు కనిపిస్తే ఆపేయండి. చుట్టాలముందు నిలబెట్టి పరీక్ష మాత్రం పెట్టకండి.

చేతిలో ఫోను పెడితే అదే పాటలు నేర్పుతుందని కొందరి నమ్మకం. ఫోను పాడుతుంది, బిడ్డ అందుకునేదాకా ఆగదు, తప్పితే నవ్వదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారూ, అక్కయ్య కామేశ్వరిగారూ ఆనాడు రేడియోలో తాము పాడి వూరుకోలేదు, పిల్లలచేతనే పాడించారు. నోరు కదలవలసింది పిల్లలది.

ఇంగ్లీషు బడికి పంపే తల్లులు కూడా సంకోచించనక్కరలేదు. తెలిసిన భాషలో పదును తేరిన చెవి రెండో భాషకూ పనికివస్తుంది. ఇంకొక్క మాట. నాలుగేళ్ళు దాటినా పిల్లవాడికి యీ ఆటలేవీ అందకపోతే, పిలిస్తే పలకకపోతే, తరచు చెవి కారుతూంటే, అల్లరీ మొండితనమూ అని కోప్పడకండి. ముందు చెవుల డాక్టరుకు చూపించండి.

ఈ రాత్రి అన్నం కలుపుతూ 'పప్పు' అనండి. వాడు 'గిప్పు' అంటే నవ్వి వూరుకోకుండా మీరు 'ఉప్పు' అనండి. 'నిప్పు' అంటాడో, 'చెప్పు' అంటాడో, అన్నంలో చెప్పేమిటని యిల్లంతా నవ్వుతుందో! ముద్ద ముద్దకూ ఒక మాట. గిన్నె ఖాళీ అయ్యేసరికి మీ వాడు ఒక పాఠం పూర్తిచేసి వుంటాడు.