టిక్కెట్టు లేదు సరే, బస్సేది?

పొద్దున అయిదున్నరకి మాదాపూర్ రోడ్డు మీద ఎవరు కనిపిస్తారో ఎప్పుడైనా గమనించారా? అప్పటికింకా కార్లు బయటికి రావు. టిఫిన్ డబ్బా సంచి పట్టుకుని, చీర మీద యూనిఫాం కోటు తొడుక్కుని గబగబా నడిచిపోయే స్త్రీలు కనిపిస్తారు. అద్దాల భవనాల్లోకి ఉద్యోగులు వచ్చేసరికి నేల తుడిచి, మరుగుదొడ్లు కడిగి ఉంచాల్సింది వీళ్ళే. సైబరాబాద్‌కి వీళ్ళ నడకతోనే తెల్లవారుతుంది. అక్కడి రోడ్ల ప్రణాళికల్లో మాత్రం ఆ నడకకి చోటు లేదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం ఇంకా ఊళ్ళే. తర్వాత వచ్చిన వెడల్పాటి రోడ్లు, ఫ్లైఓవర్లు అన్నీ కారున్న వాళ్ళ వేగం కోసం వచ్చినవే. 2019 నవంబరులో బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్ ప్రారంభమై మూడు వారాలైనా కాకముందే ఒక కారు వేగంగా వచ్చి పైనుంచి కింద పడింది. కింద రోడ్డు పక్కనున్న ఒక స్త్రీ చనిపోయింది. దీన్ని కేవలం ప్రమాదమని సరిపెట్టుకోగలమా?

2011 జనగణన ప్రకారం మన దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్ళే స్త్రీలలో దాదాపు 45 శాతం మంది నడిచే వెళ్తున్నారు. పురుషుల్లో ఇది 27 శాతమే. అంటే ఫుట్‌పాత్ నగర సుందరీకరణకు సంబంధించిన విషయం కాదు, స్త్రీల ఉపాధి హక్కుకు సంబంధించినది. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, పైన సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. వ్యాయామానికి బాగానే ఉంటుంది. బస్తీ నుంచి ఆఫీసుకి పోయే దారిలో మాత్రం అలాంటి నీడ మనకి కనిపించదు.

స్కూటీ మాలాంటి మధ్యతరగతి స్త్రీలకిచ్చిన స్వేచ్ఛని నేను తక్కువ చేయను. కానీ అది కొనుక్కోగలిగిన వాళ్ళ పరిష్కారం. ఇంట్లో ఒకే బండి ఉంటే దాని తాళం ఎవరి జేబులో ఉంటుందో మనందరికీ తెలుసు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద స్త్రీలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైంది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారి పట్టింది. పనికి పోవడానికి భర్తని చార్జీ డబ్బులు అడగనక్కరలేకపోవడం చిన్న విషయం కాదు. స్త్రీలని సోమరులని ఎగతాళి చేసేవాళ్ళకి ఆ సంగతి అర్థం కాదు. అయితే టిక్కెట్టు తీసేసినంత మాత్రాన బస్సు వచ్చినట్టు కాదు. రాయదుర్గం దాకా 2019లోనే మెట్రో వచ్చింది. అందులో ఈ ఉచితం లేదు, పైగా మొదటి రైలు ఆరింటికి. ఆరింటికల్లా డ్యూటీలో ఉండాల్సిన ఆమెకి ఆ రైలు ఎందుకు?

ఇక రాత్రి సంగతి. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో హాస్టల్‌కి వెళ్ళడానికి వాహనం కోసం నిలబడిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారులో తీసుకుపోయి అత్యాచారం చేశారు. 2014లో షీ టీమ్స్ వచ్చాయి. స్త్రీలకు జాగ్రత్తలు చెప్పేవాళ్ళు కూడా పెరిగారు. ఆ వేళకి నమ్మకంగా ఎక్కగలిగే బస్సు ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం వెనక్కి పోయింది. రాత్రి షిఫ్టులో పనిచేసే ఉద్యోగినులకు కంపెనీలు రవాణా కల్పించాలన్న షరతు ఉంది. మంచిదే. కానీ అదే భవనంలో కాంట్రాక్టరు కింద ఊడ్చే స్త్రీకి, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే స్త్రీకి ఆ క్యాబ్ వస్తోందా? భద్రత మెడలోని గుర్తింపు కార్డుని బట్టి ఉంటే అది హక్కు ఎలా అవుతుంది?

కాబట్టి మన సంఘాలు అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక బస్తీల నుంచి ఐటీ భవనాలకి ఆర్టీసీ బస్సులు నడపాలి. మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసు దాకా దీపాలున్న, పార్కింగు ఆక్రమించని ఫుట్‌పాత్‌లు ఉండాలి. రాత్రి రవాణా ఆ భవనంలో పనిచేసే ప్రతి స్త్రీకీ వర్తించాలి. వేళలు, స్టాపులు నిర్ణయించేటప్పుడు ఆ బస్సెక్కే స్త్రీలని కూర్చోబెట్టి అడగాలి.

ముందుగా మనమే ఒక పని చేయవచ్చు. ఒక రోజు పొద్దున అయిదున్నరకి ఆ స్టాపులో నిలబడదాం. వాళ్ళతో పాటు నడుద్దాం. మన వినతిపత్రంలో ఏం రాయాలో ఆ దారే చెబుతుంది.