కదలని లారీ కరిగించే డీజిలు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో ఏ రాత్రి చూసినా రోడ్డు పక్కన లారీలు బారులు తీరి కనిపిస్తాయి. కొన్ని లోడు దింపడానికి వచ్చినవి, కొన్ని ఎత్తడానికి వచ్చినవి. గేటు నుంచి పిలుపు ఎప్పుడొస్తుందో డ్రైవరుకు తెలియదు. ముందు బండి కదిలితే తానూ కదలాలి. అందుకని కొందరు ఇంజను ఆపరు. బండి అంగుళం కదలకుండానే గంటల తరబడి స్టార్టింగులో ఉంటుంది.

డీజిలు ఇంజను ఎంతసేపు నడిచినా ఏమీ కాదనీ, ఆపి మళ్లీ స్టార్టు చేస్తేనే ఖర్చనీ లారీల వాళ్లలో ఒక మాట ఎప్పటినుంచో ఉంది. బ్యాటరీ బలం లేక, సెల్ఫ్ పట్టక, నలుగురూ కలిసి బండిని తోయవలసి వచ్చిన కాలంలో ఆ మాటకు కొంత అర్థం ఉండేది. ఇప్పుడు కూడా దాన్నే పట్టుకు కూర్చుంటే నష్టపోయేది మనమే. ఈ జిల్లా పల్లెల్లో పొలం కుదువ పెట్టి, ఫైనాన్సు తెచ్చి లారీ కొన్నవారు తక్కువేమీ కాదు. ఇంజను పనికొస్తే కిస్తు ఆగుతుంది. కిస్తు ఆగితే బండి పోతుంది.

అసలు ఇంజను లోపల జరిగేది ఏమిటి? డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. లోడు లాగుతున్నప్పుడు ఆ వేడి బాగా ఉంటుంది, డీజిలు శుభ్రంగా కాలుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు వేడి తగ్గుతుంది. తడి కట్టెలు పెట్టిన పొయ్యి ఎలా మండుతుందో ఆడవాళ్లను అడగనక్కరలేదు. మంట తక్కువ, పొగ ఎక్కువ. ఇంజనులోనూ అదే జరుగుతుంది. సగం కాలిన డీజిలు మసిగా మారి నాజిళ్ల మొనల మీద, వాల్వుల మీద, పిస్టన్ రింగుల గాడుల్లో పేరుకుంటుంది. కాలని డీజిలు లైనరు గోడ మీది ఆయిలు పొరను కడిగేసి, కిందికి జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. ఆయిలు పలచబడుతుంది. పలచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు.

ఈ నష్టం ఒక్క రోజులో తెలియదు. పది నిమిషాలు స్టార్టింగులో ఉంచినంత మాత్రాన ఏ ఇంజనూ చెడిపోదు. రోజూ నాలుగైదు గంటలు, నెలల తరబడి ఇదే అలవాటైతే బండి ఆయిలు తినడం మొదలుపెడుతుంది. పొగ ముదురుతుంది, లాగుడు తగ్గుతుంది, చివరకు హెడ్డు విప్పవలసి వస్తుంది. ఇంకో మోసం కూడా ఉంది. నిలబడిన బండికి కిలోమీటర్ల మీటరు తిరగదు. ఆయిలు మార్చే లెక్క మీటరు చూసి వేస్తాం. మీటరు దృష్టిలో బండి పని చేయలేదు, ఇంజను మాత్రం రాత్రంతా అరిగింది. ఎక్కువసేపు నిలబడే బండికి గంటల లెక్కన ఆయిలు ముందుగానే మార్చాలి.

కొత్త బండ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బి.ఎస్.6 లారీల సైలెన్సరులో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పొగ బాగా వేడెక్కితేనే అందులో చేరిన మసి కాలిపోతుంది. బండి నిలబడి నడిస్తే వేడి చాలదు, ఫిల్టరు మూసుకుపోతుంది, డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. అప్పుడు రోడ్డు పక్క మేస్త్రీ చేయగలిగింది తక్కువ, కంపెనీ వర్క్‌షాపుకు పోవలసిందే.

ఇంజను నడపవలసిన సందర్భాలూ ఉన్నాయి. పొద్దున్నే బ్రేకులకు గాలి నిండేదాకా నడపాలి. నిండు లోడుతో గట్టిగా లాగి వచ్చాక టర్బో చల్లబడడానికి రెండు మూడు నిమిషాలు ఉంచి ఆపాలి. అంతకు మించినదంతా దండగే. సెల్ఫ్ పట్టదన్న భయం ఉంటే బ్యాటరీని బాగు చేయించుకోవాలి గాని, డీజిలు తగలబెట్టకూడదు.

దండగ ఎంతో లెక్క చూద్దాం. గంటకు ఒక్క లీటరే అనుకుందాం. పెద్ద బండ్లకు ఇంకా ఎక్కువే అవుతుంది. రోజుకు 4 గంటలు, నెలకు 25 రోజులు అంటే 100 లీటర్లు. లీటరు 95 రూపాయల లెక్కన 9,500 రూపాయలు. ఒక్క కిలోమీటరు కూడా కిరాయి రాకుండా కరిగిపోయే సొమ్ము ఇది.

అయితే తప్పంతా డ్రైవరుదే అనడం న్యాయం కాదు. ఎండాకాలం క్యాబిన్ కొలిమిలా కాలుతుంది, రాత్రి దోమలు నిద్రపోనివ్వవు. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏ.సి. ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. డ్రైవరు కష్టం తెలిసి చేసిన మంచి పని అది. కాని ఆ ఏ.సి. నడవాలంటే ఇంజనూ నడవాలి. నీడలేని రోడ్డు మీద గంటలకొద్దీ నిలబెట్టి, ఇంజను ఆపమంటే ఎవరు ఆపుతారు? పైగా అద్దాలు మూసి ఇంజను నడుపుతూ పడుకుంటే, పొగ గొట్టం ఎక్కడైనా లీకై ఉంటే విషపు గాలి క్యాబిన్లోకి చేరి ప్రాణం మీదికే వస్తుంది.

రోడ్డు పక్క ఇళ్లవారి సంగతీ ఉంది. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఫ్యాక్టరీల పొగ చాలదన్నట్టు నిలబడిన లారీల పొగ కూడా ఇక్కడి పిల్లలు పీల్చాలా? అమెరికాలోని కాలిఫోర్నియాలో పెద్ద డీజిలు లారీని 5 నిమిషాలకు మించి ఊరికే నడపకూడదని నిబంధన ఉంది.

మన దగ్గర జరిమానాల కంటే ముందు జరగవలసిన పనులున్నాయి. ప్రతి ఫ్యాక్టరీ తనకు వచ్చే లారీలకు టోకెను ఇచ్చి, వంతు వచ్చే వేళ ముందే చెప్పాలి. వేళ తెలిస్తే డ్రైవరు ధైర్యంగా ఇంజను ఆపుతాడు. పారిశ్రామికవాడల్లో లారీలు నిలుపుకోవడానికి స్థలం, చెట్ల నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్లు, ఫ్యాన్లున్న విశ్రాంతి షెడ్డు ఏర్పాటు చేయాలి. ఈ విషయంపై జిల్లా అధికారులు, ఫ్యాక్టరీల యాజమాన్యాలు కలిసి కూర్చుని మాట్లాడుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

మన వంతు పని మాత్రం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. పత్తి మిల్లు ముందు, చెరకు కాటా ముందు వరుసలో ట్రాక్టరు నిలిపే రైతుకూ ఈ మాట వర్తిస్తుంది. వరుస కదలదని తెలిసినప్పుడు తాళం తిప్పి ఇంజను ఆపుదాం. మిగిలేది మన డీజిలు, మన ఇంజను, మన ఊపిరి.