బడిపంతులు పెంచిన బంతియాట

ఫుట్‌బాలు ప్రస్తావన వచ్చినంతనే “అది మగపిల్లల గోల, మనకేల?” యని పత్రిక పుట త్రిప్పివేయుట మనలో పలువురకు వాడుక. ఇంగ్లండులోని జట్ల పేళ్లు మన పిల్లలకు కంఠస్థములు. మన నగరపు జట్టొకటి దేశమునందలి పేరుమోసిన జట్లనెల్ల గెలిచిన సంగతి మాత్రము వారెరుగరు. తల్లి యెరిగిన కథయే బిడ్డకు చేరును గావున, ఈ మాసము దానిని ముచ్చటింతుము.

మా హబ్సిగూడకు చేరువనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నెలకొన్నది. అందు పట్టభద్రులై, ఆ విద్యాపీఠపు జట్టున ఆడినవారు సయ్యదు అబ్దుల్ రహీముగారు. వీరు 1909లో హైదరాబాదున జన్మించిరి. వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల బాలురకు పాఠములు చెప్పిరి. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ యేటి డ్యూరాండు పోటీలో ఆ జట్టు కలకత్తా మోహన్ బగానును ఓడించినది. బొంబాయి రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు తానే గైకొన్నది.

ఈ విజయములకు మూలము పంతులుగారి బోధనాపద్ధతియే. బలహీనమైన కాలితోడనే ఆడవలెనని యొక పోటీ పెట్టుదురు. బంతిని తనయొద్దనే యుంచుకొని పరుగిడరాదు, సాటివాని కందింపవలెనని మరియొక పోటీ. ఇందలి మర్మము మనకు తెలియనిది కాదు. పంక్తిలో అన్నియు తానే వడ్డింపబూనిన యిల్లాలు అలసి సొలయును. చేతికి చేయి యందించిన యింట నూరు విస్తళ్లైనను చల్లగా సాగును.

భారతజట్టునకును వీరే గురువులైరి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలందు ఇరానును గెలిచి మనవారు స్వర్ణపతకము నందిరి. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము దక్కెను. సికిందరాబాదు ప్రాంతపు తులసీదాసు బలరాము ఆ జట్టులోనివాడే. 1962లో జకార్తాయందు దక్షిణ కొరియాపై 2-1 తేడాతో స్వర్ణము గెలుచునాటికి రహీముగారి దేహమును పుట్టకురుపు తినివేయుచుండెను. 1963 జూను 11న వారు కన్నుమూసిరి. పిమ్మట మన నగరమున ఆ వైభవము క్రమముగా సన్నగిల్లినది.

ఇక మన యాడుబిడ్డల మాట. ఇంగ్లండున ప్రెస్టను పట్టణమందలి డిక్ కెర్ కర్మాగారములో, యుద్ధకాలమున పనిచేయు స్త్రీలు 1917లో జట్టు కూర్చుకొనిరి. ధర్మకార్యములకు ధనము సమకూర్చుట వారి యుద్దేశము. 1920 డిసెంబరు 26న లివర్‌పూలులో వారి యాట చూడ 53 వేలమంది వచ్చిరి. మరుసటి యేడే ఆ దేశపు ఫుట్‌బాలు సంఘము, ఈ యాట స్త్రీలకు తగదని, తన జట్ల మైదానములందు వారిని ఆడనీయక నిషేధించినది. ఆ కట్టు తొలగుటకు దాదాపు ఏబదియేండ్లు పట్టెను. అయినను ఆ వనితలు దొరికిన పచ్చికబయళ్లలో 1965 దాక ఆడుచునే యుండిరి.

మన యిండ్లలో అట్టి శాసనము వ్రాసినవారెవ్వరును లేరు. “ఎండకు నల్లబడుదువు”, “కాలు విరిగిన పెండ్లి యెట్లు?” అను మాటలే ఆ శాసనపు పని చేయుచున్నవి. నిజామాబాదు జిల్లాలోని యొక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారతజట్టున ఆడినది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబు జట్టునకును వెళ్లినది. ఆమె యింట ఆ మాటలే గెలిచియుండిన, ఆ యాట లోకమునకు తెలియకయే పోయెడిది.

సోదరీమణులారా, కుమారునకు బూట్లు కొను దినమున కుమార్తె పాదమును గూడ కొలువుడు. సాయంకాలమున ఒక గంట యింటిపని నుండి ఆమెను విడువుడు. బడిలో బాలికల జట్టు కలదా యని పంతులుగారి నడుగుడు. లేకున్న, ఏల లేదో యడుగుడు.