రద్దీ వేరు.. జామ్ వేరు! 112కు ఏమని చెప్పాలి?

రామగిరి మండలం సెంటినరీ కాలనీ నుంచి గోదావరిఖనికి వెళ్తున్నారనుకోండి. ముందు బొగ్గు లారీలు, వాటి వెనుక ఆర్టీసీ బస్సు, సందుల్లో బైకులు. ఇంటికి ఫోన్ చేసి ‘ట్రాఫిక్‌లో ఉన్నా’ అంటారు. ఇంట్లోవాళ్లకు ఆ మాట చాలు. 112కు ఫోన్ చేస్తే మాత్రం చాలదు.

రద్దీ అంటే జనమో, బండ్లో ఎక్కువగా ఉండటం. పండగ ముందు బస్టాండ్‌లో కనిపించేది రద్దీ. నెమ్మదిగానైనా కదలిక ఉంటుంది. ఆ కదలిక ఆగిపోతే జామ్. పేపర్లలో ‘రాకపోకలు స్తంభించాయి’ అని రాసేది దీన్నే. కావాలని దారి ఆపితే రాస్తారోకో. లైన్‌లో వెనక నిల్చున్నవాళ్లకు మూడూ ఒకేలా ఉంటాయి కానీ, పోలీసులు చేయాల్సిన పని వేరు. రద్దీకి ఒక కానిస్టేబుల్ సరిపోవచ్చు. లారీ ఇరుసు విరిగి అడ్డంగా ఆగితే క్రేన్ కావాలి.

అన్నట్టు, హిందీలో ‘రద్దీ’ అంటే చిత్తు కాగితాలు. ఉత్తరాది లారీ డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు జామ్ అనడమే మేలు.

బొగ్గు ప్రాంతంలో బండ్లను తలలు లెక్కబెట్టినట్టు లెక్కపెడితే కుదరదు. ఊరి బయటి రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన లెక్కలో కారు 1 అయితే లారీ 3, ట్రాక్టర్ ట్రాలీ 4.5, బైక్ 0.5. పది లారీలంటే ముప్పై కార్లన్నమాట.

అసలు ఇబ్బంది అంబులెన్స్‌కు. దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని మోటారు వాహనాల చట్టంలోని 194ఈ సెక్షన్ చెబుతోంది. రద్దీలో అయితే పక్కకు జరగొచ్చు. జామ్‌లో ఎటు జరుగుతారు? అప్పుడు చేయగలిగింది ఫోనే. ‘సెంటినరీ కాలనీ దాటాక లారీ అడ్డంగా ఆగింది, గోదావరిఖని వైపు బండ్లు అస్సలు కదలట్లేదు, వెనుక 108 ఉంది’ అని చెప్పండి. ‘ఫుల్ ట్రాఫిక్ సార్’ అంటే అవతలివాళ్లకు తెలిసేది ఏమీ లేదు.

బండి చెడిపోయిందా, గుద్దుకుందా అన్నదీ చెప్పాలి. దారికి అడ్డంగా బండి ఉంచితే 201 సెక్షన్ కింద 500 రూపాయల వరకు జరిమానా, లాక్కెళ్లే ఖర్చు అదనం. లారీ ఓనర్‌కు ఇదో లెక్కా అనిపిస్తుంది. ప్రమాదానికి గురైన బండి అయితే పోలీసుల తనిఖీ పూర్తయ్యాకే ఆ జరిమానా వర్తిస్తుంది.