దురద తగ్గిందని మురిసిపోకండి

చలి మొదలైందంటే మందుల షాపు ముందు ఈ మాట తరచుగా వినిపిస్తుంది: "ఒళ్లంతా పొడిబారి ఒకటే దురద, ఏదైనా మంచి ట్యూబు ఉంటే ఇవ్వండి." షాపతను డాక్టరు చీటీ అడగడు. అరలోంచి ఒక ట్యూబు తీసి ఇస్తాడు. రెండు రోజుల్లో దురద మాయం. ఎర్రదనం పోతుంది, చర్మం నున్నగా కనిపిస్తుంది. భలే పనిచేసిందంటూ అదే ట్యూబును పిల్లలకూ రాస్తారు, పక్కింటివాళ్లకూ పేరు చెబుతారు. ముప్పు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. ఇలా చేతులు మారే ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది స్టెరాయిడ్. పొడిబారిన చర్మానికి కావలసింది అది కాదు. డాక్టరు చూడకుండా వాడుకుంటూ పోతే ఉన్న చర్మాన్ని కూడా అది పాడుచేస్తుంది.

మన చర్మం పైపొరలో కణాల మధ్య సందులను సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు పూడ్చి ఉంచుతాయి. లోపలి తేమ బయటికి పోకుండా ఆపేది ఈ కొవ్వే. గాలిలో తేమ తగ్గినా, వేడివేడి నీళ్లు పోసుకున్నా, సబ్బుతో గట్టిగా రుద్దినా ఈ కొవ్వు పొర దెబ్బతింటుంది. అందుకే ఆదిలాబాద్ పల్లెల్లో, లంబసింగి కొండల్లో ఉండేవాళ్లకే కాదు, రోజంతా ఏసీ గదిలో కూర్చునే హైదరాబాద్ ఉద్యోగికీ కాళ్లు తెల్లగా చిట్లుతాయి. గోరుతో గీస్తే గీత పడుతుంది. ఈ దశలో చర్మం అడిగేది పోయిన కొవ్వునూ తేమనూ తిరిగి ఇమ్మని. స్టెరాయిడ్ ఆ పని చేయదు. వాపును, దురదను అణచివేస్తుందంతే. పైగా ఎక్కువ రోజులు రాస్తే చర్మంలో ఆ కొవ్వు తయారీయే మందగిస్తుంది, పొర పలచబడుతుంది. అంటే ఏ పొడితనం కోసం రాశామో అదే మరింత ముదురుతుంది. మానేసిన నాలుగు రోజులకే మంట, దురద రెట్టింపై తిరిగొస్తాయి. దాంతో మళ్లీ అదే ట్యూబు కొంటారు. ఈ చక్రంలో పడ్డవాళ్లు బయటపడటానికి నెలలు పడుతుంది.

ముఖానికి రాస్తే నష్టం ఇంకా ఎక్కువ. చర్మం అన్నిచోట్లా మందును ఒకేలా పీల్చుకోదు. ముంజేయి పీల్చుకునే హైడ్రోకార్టిసోన్‌తో పోలిస్తే నుదురు 6 రెట్లు, దవడ దగ్గరి చర్మం 13 రెట్లు పీల్చుకుంటాయని 1967లోనే పరిశోధకులు లెక్కగట్టారు. రంగు తేలుతుందని స్టెరాయిడ్ కలిసిన క్రీములను ముఖానికి పట్టించే యువతీయువకులకు బుగ్గల మీద ఎర్రటి సన్నని రక్తనాళాలు తేలడం, మొటిమలు విరగకాయడం, ఎండలోకి వెళ్తే నిప్పు పెట్టినట్టు మండటం అందుకే. పసిపిల్లల సంగతి మరీ సున్నితం. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి రాసిన మందు ఒంట్లోకి ఎక్కువగా దిగుతుంది. డైపరు కింద రాస్తే అది మూతపెట్టినట్టే, ఇంకా దిగుతుంది. బలమైన స్టెరాయిడ్‌ను అలా వారాల తరబడి వాడితే శరీరం సొంతంగా చేసుకునే స్టెరాయిడ్ హార్మోను తయారీ కూడా దెబ్బతినవచ్చు.

దురద పెట్టేదంతా పొడితనం కాదన్నది రెండో ప్రమాదం. తొడల దగ్గరా నడుము చుట్టూ గుండ్రంగా అంచుకట్టి పొట్టు రాలేది చాలాసార్లు తామర. రాత్రిళ్లు వేళ్ల సందుల్లో పుట్టి ఇంట్లో అందరికీ పాకేది గజ్జి కావచ్చు. తామరపై స్టెరాయిడ్ రాస్తే పైకి తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ హాయిగా విస్తరిస్తుంది. దాని రూపురేఖలు మారిపోయి డాక్టరు కూడా వెంటనే గుర్తుపట్టలేని పరిస్థితి వస్తుంది. మామూలు మందులకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ ఇప్పుడు మన దేశమంతటా చర్మ వైద్యులను ఇబ్బంది పెడుతోంది. 2020లో శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు, 2023లో న్యూయార్క్‌లోనూ అది బయటపడింది. చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీములు, స్టెరాయిడ్‌తో పాటు యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలగలిపిన ట్యూబులు దీని వ్యాప్తికి తోడ్పడ్డాయని నిపుణులు వేలెత్తి చూపుతున్నారు.

చట్టం లేక కాదు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే రిజిస్టర్డ్ డాక్టరు రాసిచ్చిన చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా వీధి చివర షాపులో పేరు చెబితే చాలు, ట్యూబు చేతికొస్తోంది. ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్ఎంపీలు ఇంజెక్షన్‌తో పాటు ఇదీ చేతిలో పెడుతున్నారు.

ఇవాళే మీ ఇంట్లో అద్దం అల్మారా, ఫ్రిజ్ తలుపు, అమ్మమ్మ దిండు కింద ఉన్న ట్యూబులన్నీ బయటికి తీయండి. పెద్ద అక్షరాల్లో ఉన్న పేరును వదిలేసి, దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. బీటామెథాసోన్, మోమెటాసోన్, బెక్లోమెథాసోన్ లాగా చివర 'సోన్' ఉన్నా, క్లోబెటాసోల్, హాలోబెటాసోల్ లాగా 'టాసోల్' ఉన్నా, ఫ్లూసినోలోన్ లాగా 'లోన్' ఉన్నా అది చాలావరకు స్టెరాయిడే. చీటీ లేకుండా కొన్నదైతే, కొత్తగా మొదలుపెట్టకండి, ఇతరులకు ఇవ్వకండి. నెలల తరబడి రాస్తున్నవాళ్లు మాత్రం భయపడి ఉన్నపళంగా మానేయకుండా చర్మ వైద్యుణ్ని కలవండి. మెల్లగా ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు. డాక్టరు చూసి, ఎన్ని రోజులో, ఎంత రాయాలో చెప్పి ఇచ్చిన స్టెరాయిడ్ మంచి మందే. దాన్ని అనుమానించి మధ్యలో ఆపేయడమూ తప్పే.

మరి పొడి చర్మానికి ఏం చేయాలి? ఖరీదైనదేమీ అక్కర్లేదు. నీళ్లు గోరువెచ్చగా చాలు, స్నానం పది నిమిషాల్లో ముగించండి. చర్మం సహజంగా కాస్త ఆమ్లగుణంలో, పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటే, మామూలు సబ్బులు 9, 10 దాకా ఉంటాయి. అందుకే సబ్బును చంకలకూ గజ్జలకూ పాదాలకూ పరిమితం చేసి, మిగతా ఒంటికి నీళ్లతోనే సరిపెట్టుకోవచ్చు. సున్నిపిండి వాడేవాళ్లు గరుకుగా రుద్దకూడదు. తువ్వాలుతో తడి అద్దుకుని, చర్మం కాస్త చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు పెట్రోలియం జెల్లీయో, గ్లిజరిన్ ఉన్న లోషనో, వాసన లేని క్రీమో పట్టించాలి. కొబ్బరినూనె కూడా పనికొస్తుంది. పగిలిన మడమలకు రాత్రి చిక్కగా జెల్లీ రాసి నూలు సాక్సులు తొడుక్కోండి. ఇది రోజూ చేయాలి, దురద లేని రోజు కూడా.

రెండు వారాలైనా తగ్గకపోయినా, చర్మం చీము పట్టినా, నెత్తురు కారినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మధుమేహం, థైరాయిడ్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొడిబారడం లోపలి సంకేతం కావచ్చు. స్పర్శ తెలియని పొడి మచ్చ కనిపిస్తే అది కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందులిస్తారు, త్వరగా వస్తే పూర్తిగా నయమవుతుంది. దానిపై ట్యూబు రాసి కాలయాపన చేయకండి.

రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులూ ఈ చలికాలంలో షాపుల్లో చీటీ లేని స్టెరాయిడ్ అమ్మకాలపై కన్నేయాలి, దొరికినచోట లైసెన్సుపై చర్య తీసుకోవాలి. ఫార్మసిస్టులు "చీటీ ఉందా?" అని అడగడం నామోషీ కాదు, అది వాళ్ల ఉద్యోగ ధర్మం. హాస్టళ్ల వార్డెన్లు ఒకే ట్యూబును వరుసగా పిల్లలందరికీ రాసే అలవాటు ఉంటే ఈ వారమే ఆపాలి. పాఠకులుగా మన వంతు ఇంకా తేలిక: షాపతను చీటీ లేకుండానే ట్యూబు తీసి ఇచ్చినప్పుడు, ఇది స్టెరాయిడా అని అడగండి. అవునంటే తిరిగి ఇచ్చేసి జెల్లీ డబ్బా కొనుక్కోండి, దురద తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.